చదివినట్టు రుజువు ఉందా?

సమాచార వ్యవస్థల ఆడిటర్లను చూసి నవ్వేవారితో నేను ఏకీభవించను. కంప్యూటర్‌లో ఎవరి చెయ్యి ఎవరి ఫైలులో ఉందో చూసి చెప్పే మనిషి ఒకరు ఉండి తీరాలి. 1973లో అమెరికాలో ఈక్విటీ ఫండింగ్ అనే కంపెనీ బండారం బయటపడింది. లేని మనుషుల పేరిట వేలాది బీమా పాలసీలు పుట్టించి, వాటిని ఇతర బీమా కంపెనీలకు అమ్ముకుంది. 2009లో మన హైదరాబాదులో సత్యం కంపెనీ లెక్కల్లోని వేల కోట్ల రూపాయలు బ్యాంకులో లేవని తేలింది. ఈ విద్యలో మనమూ వెనకబడలేదు కాబట్టి, దానికి విరుగుడుగా ఇసాకా అనే ఆడిటర్ల అంతర్జాతీయ సంస్థ 1978లో మొదలుపెట్టిన సీఐఎస్‌ఏ (సర్టిఫైడ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఆడిటర్) పట్టాను గౌరవించడం పౌర ధర్మం.

ముందు పరీక్ష సంగతి. నాలుగు గంటలు, 150 ప్రశ్నలు. ఇసాకా సభ్యులు కానివారికి రుసుము 760 డాలర్లు, అంటే అరవై వేల రూపాయల పైమాటే. మార్కులు 200 నుంచి 800 వరకు, 450 వస్తే గట్టెక్కినట్టు. ఎంత ఘోరంగా రాసినా 200కు తగ్గరు. ఈ ఉదారతను మన ఇంటర్మీడియట్ బోర్డు పరిశీలించాలని మనవి.

ప్రశ్నల తీరు వేరు. ఇచ్చిన నాలుగు జవాబులూ ఒప్పులాగే కనిపిస్తాయి. వాటిలో ‘అత్యుత్తమమైనది’ ఎంచుకోవాలి. సర్వర్ గది తలుపు బార్లా తెరిచి ఉంది, ఆడిటర్ ఏం చెయ్యాలి? వెళ్లి తలుపు వేసేవారు ఇంటికి పోవచ్చు. ఆ తలుపు వేసే బాధ్యత ఎవరిదో, విధాన పత్రంలో ఏం రాసి ఉందో చూసి, ముప్పు ఎంతో అంచనా కట్టి, నివేదికలో రాయాలి. తలుపు అప్పటికీ తెరిచే ఉంటుంది, కానీ ఆడిటర్ స్వతంత్రతకు భంగం కలగదు. ఇరవై ఏళ్లుగా సర్వర్లు బాగుచేస్తున్న ఇంజినీర్లు ఈ పరీక్షలో తడబడేది అందుకే. పాపం, వారికి చెయ్యి ఊరుకోదు. మంటలు లేచినప్పుడు మాత్రం ముందు మనుషులను బయటికి పంపాలి. విధాన పత్రం తిరగెయ్యకుండా ఇవ్వదగిన జవాబు నాకు తెలిసి అదొక్కటే.

పాసైతే పట్టా వస్తుందనుకోవడం అమాయకత్వం. ఐదేళ్ల అనుభవం చూపాలి. చదువును బట్టి మూడేళ్ల వరకు మినహాయింపు దొరకవచ్చు. ఆ అనుభవం నిజమేనని మరొకరు ధ్రువీకరించాలి. దరఖాస్తుకు మరో 50 డాలర్లు.

అసలు మహత్తు పట్టా చేతికి వచ్చాక తెలుస్తుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఏటా కనీసం 20 గంటలు, మూడేళ్లలో మొత్తం 120 గంటలు చదువుకోవాలి. మూడు ఇరవైలు అరవై కదా అనేవారికి ఈ వృత్తి పనికిరాదు. మొదటి రెండేళ్లు కనీసంతో సరిపెట్టినవారు మూడో ఏడు 80 గంటలు మింగాలి. ఆ ఏడాది డిసెంబరులో గచ్చిబౌలి ప్రాంతంలో జ్ఞానతృష్ణ ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఒక కిటికీలో వెబినార్, ఇంకో కిటికీలో క్రికెట్. మధ్యమధ్య ‘మీరు ఉన్నారా?’ అని తెర అడిగితే ఉన్నామని నొక్కాలి. ఉన్నట్టు రుజువు కావాలంటారు గానీ, విన్నట్టు ఎవరూ అడగరు.

ఇక్కడ గంటంటే 50 నిమిషాలు. మిగిలిన పది నిమిషాలు జ్ఞానం జీర్ణం కావడానికి అనుకుంటాను. కంప్యూటర్లకు కాపలా కాసే ఫైర్‌వాల్ అమ్మడానికి వచ్చినవారి ఉపన్యాసం కూడా ఏడాదికి 10 గంటల దాకా చదువు కిందే లెక్క. పదకొండో గంట నుంచి అది వ్యాపార ప్రకటన. వర్డ్, ఎక్సెల్ ప్రాథమిక పాఠాలు మాత్రం పనికిరావు. ఈ గంటలన్నిటి పట్టికను అందరూ దాచుకునేది ఎక్సెల్‌లోనే అయినా సరే. ఇక కంప్యూటర్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్ ఫైళ్లను తెల్లవార్లూ తిరగేసి, దొంగ ఏ దారిన చొరబడ్డాడో కనిపెట్టిన ఆడిటర్ ఆ రాత్రి ఏమీ నేర్చుకోనట్టే. అది ఉద్యోగం. ఉద్యోగంలో చేసే మామూలు పనికి గంటలు రావు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడూ ఉంటాడు. ఏటా కొందరిని ఏరి, ‘మీరు చదివినట్టు ఆధారాలు పంపండి’ అని ఇసాకా అడుగుతుంది. కాగితాలను మూడేళ్ల గడువు ముగిశాక కూడా మరో 12 నెలలు భద్రపరచాలి. నిన్నటిదాకా బ్యాంకు గుమాస్తాను ‘స్క్రీన్‌షాట్ ఏది? తేదీ కనిపించదేం?’ అని నిలదీసిన పెద్దమనిషి ఆ వారమంతా పాత మెయిళ్లలో హాజరు పత్రాల కోసం గాలిస్తుంటారు. దొరకనివి మళ్లీ పంపమని నిర్వాహకులను ఎంత మర్యాదగా అడుగుతారో! ఆ మర్యాద గుమాస్తా ఒక్కసారి చూస్తే బాగుండును.

వీటన్నిటితోపాటు ఏటా నిర్వహణ రుసుము: సభ్యులకు 45, కానివారికి 85 డాలర్లు. కట్టకపోతే, గంటలు చూపకపోతే పట్టా రద్దు. నిన్న తెలిసిన విషయం ఇవాళ తెలియనట్టే. పూర్తిగా పదవీ విరమణ చేసినవారికి మాత్రం వేరే హోదా ఉంది, వారు గంటలు చూపనక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏడాదికోసారి పాడైపోయే జ్ఞానం, ఇక దానితో ఎవరికీ పని లేదనగానే చెక్కుచెదరకుండా నిలిచిపోతుంది.