మోంటానా నంబరు ప్లేటు మన పన్ను మాఫీ చేయదు

మూడు వారాల్లో ఒకే సందేశాన్ని ఐదుగురు పంపారు. మొదటిసారి చదివి వదిలేశాను. మూడోసారి వచ్చినప్పుడు పంపినవారికి "ఇది తప్పు" అని రెండు ముక్కలు రాశాను. ఐదోసారి సాక్షాత్తు మా బావగారే పంపి, కింద "మనమూ చేద్దామా?" అని అడిగారు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఆ సందేశం చెప్పేది ఇదీ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంటూ మోటర్‌హోమ్ (లోపల ఇల్లులా ఉండే పెద్ద బండి) కొనాలనుకునే తెలుగువాళ్లు ముందు మోంటానా రాష్ట్రంలో ఒక ఎల్‌ఎల్‌సీ, అంటే తమ పేరున ఒక చిన్న కంపెనీ, పెట్టాలి. బండిని దాని పేరు మీద కొని, అక్కడే రిజిస్టరు చేయించాలి. మోంటానాలో అమ్మకపు పన్ను లేదు. బండి కంపెనీది, మీది కాదు కాబట్టి కాలిఫోర్నియా మిమ్మల్ని అడగలేదు. ఇన్సూరెన్సుకు ఇబ్బంది ఉండదు. వీసా మీద ఉన్నవాళ్లకూ భయం లేదు, ఇది ఇమిగ్రేషన్‌కు సంబంధం లేని విషయం. వేలమంది చేస్తున్నారు. నూటికి నూరు పాళ్లు చట్టబద్ధం. పది మందికి పంపండి.

మోంటానాలో అమ్మకపు పన్ను లేదన్న మాట నిజమే. ఒరెగాన్‌లో లేదు, న్యూహాంప్‌షైర్‌లో లేదు, డెలావేర్‌లో లేదు. కానీ ఈ సందేశం రాసినవారు అక్కడితో ఆగిపోయారు. పన్ను లేని చోట కొని, పన్ను ఉన్న చోట వాడుకునే ఉపాయం నిన్న మొన్న పుట్టింది కాదు. దానికి విరుగుడుగా వచ్చిందే వినియోగ పన్ను, అంటే వస్తువును వాడే రాష్ట్రం వసూలు చేసే పన్ను. వాషింగ్టన్ రాష్ట్రం 1935లోనే ఇలాంటి పన్ను వేసింది. కొలంబియా నదిపై గ్రాండ్ కూలీ ఆనకట్ట కడుతున్న కాంట్రాక్టర్లు, తాము బయటి రాష్ట్రాల్లో కొనుక్కొచ్చిన యంత్రాల మీద ఇక్కడ పన్ను ఏమిటని కోర్టుకు వెళ్లారు. 1937లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పన్ను చెల్లుతుందని తీర్పు చెప్పింది. దాదాపు తొంభై ఏళ్ల క్రితమే తేలిపోయిన సంగతిని ఇవాళ కొత్తగా కనిపెట్టిన రహస్యంలా పంచుతున్నారు. అప్పటి ఆనకట్ట యంత్రాలకు వర్తించిన సూత్రమే ఇప్పటి మోటర్‌హోమ్‌కూ వర్తిస్తుంది. ఎక్కడ కొన్నారన్నది కాదు, ఎక్కడ వాడుతున్నారన్నది ముఖ్యం. ఒక రాష్ట్రంలో నిజంగా పన్ను కట్టి ఉంటే దాన్ని ఇక్కడ కట్టాల్సిన దాంట్లోంచి మినహాయిస్తారు. మోంటానాలో కట్టింది సున్నా, కాబట్టి మినహాయింపూ సున్నాయే.

బండి కంపెనీది, మీది కాదు అన్న ముక్క దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు. కాలిఫోర్నియా శాసనకర్తలకు ఈ ఎత్తు తెలియదనుకుంటున్నారా? రెవెన్యూ అండ్ ట్యాక్సేషన్ కోడ్ 6248వ సెక్షన్ ప్రకారం, కొన్న 12 నెలల లోపు రాష్ట్రంలోకి తెచ్చిన బండిని కాలిఫోర్నియా నివాసి కొని ఉంటే, ఇక్కడ వాడటానికే కొన్నట్లు లెక్క. కాదని రుజువు చేసుకోవలసిన భారం కొన్నవారిదే. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. సభ్యత్వంలో 50 శాతం లేదా అంతకు మించిన వాటా కాలిఫోర్నియా నివాసుల చేతిలో ఉంటే ఆ ఎల్‌ఎల్‌సీని కూడా కాలిఫోర్నియా నివాసిగానే చూడాలి. మీ ఎల్‌ఎల్‌సీలో సభ్యులు ఎవరు? మీరూ, మీ ఆవిడా. ఇద్దరూ ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఇక ఆ కంపెనీ మోంటానాది ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఇది రాయడానికి కూర్చునే ముందు, ఈ ఉపాయం ఏ కోర్టులోనూ నిలబడి ఉండదనే అనుకున్నాను. నిలబడింది. లూసియానా నివాసి ఒకరు ఇలాగే మోంటానా ఎల్‌ఎల్‌సీ పేరు మీద మోటర్‌హోమ్ కొన్నారు. రాష్ట్ర పన్నుల శాఖ ఆయన మీద పన్ను వేసింది. 2014లో లూసియానా సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పు ఇచ్చింది. కంపెనీ వేరు, మనిషి వేరు, చట్టంలో కంత ఉంటే పూడ్చుకోవలసింది శాసనసభ అన్నది ఆ తీర్పు సారం. కాబట్టి సందేశం రాసినవారిది పూర్తిగా గాలి కబురు అనలేను. అయితే అది లూసియానా చట్టం మీద లూసియానా కోర్టు చెప్పిన మాట. అక్కడ లేదన్న అడ్డుకట్ట కాలిఫోర్నియా చట్టంలో అక్షరాలా ఉంది. లూసియానా తీర్పు చూపించి కాలిఫోర్నియాలో బండి కొనమనడం, పక్క ఊరి పట్టా చూపించి మన ఊళ్లో ఇల్లు కట్టుకోమన్నట్లు ఉంది.

ఇంకో మాట కూడా. ఇల్లు అమ్మేసి, మోటర్‌హోమ్‌లోనే బతుకుతూ ఊరూరా తిరిగేవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది సౌత్ డకోటానో, టెక్సాస్‌నో, ఫ్లోరిడానో నివాసంగా ఎంచుకుంటారు. లైసెన్సు, ఓటు, ఉత్తరాలు అన్నీ అక్కడికే మార్చుకుని అక్కడి పన్నే కడతారు. సౌత్ డకోటాలో వాహనం మీద అది 4 శాతం. వాళ్లతో నాకు ఏ పేచీ లేదు. పిల్లల్ని కాలిఫోర్నియా బడిలో చదివిస్తూ, బండిని ఇంటి ముందే నిలుపుకుని, ఏడాదికి రెండుసార్లు సెలవులకు తీసేవాళ్లతోనే పేచీ.

ఇన్సూరెన్సు సంగతి మా మిత్రుడొకరి అనుభవంతో చెబుతాను. శాక్రమెంటో శివార్లలో ఉంటారు. ఈ ఉపాయం పాటించినవారే. చలికాలం గాలివానకు ఓక్ చెట్టు కొమ్మ విరిగి మోటర్‌హోమ్ పైకప్పు మీద పడింది. ఫొటోలు తీసి బీమా కంపెనీకి పంపారు. కంపెనీ మనిషి ఫోను చేసి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ బండి రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది?" పాలసీలో ఉన్నది మోంటానా చిరునామా. ఆయనే పంపిన ఫొటోల్లో బండి వెనక నిచ్చెనకు వాళ్ల అమ్మాయి సైకిలు ఆనించి ఉంది. పక్కనే ఆయన ఇంటి నంబరు రాసిన పోస్టు డబ్బా. ఏం చెప్పాలో తోచక తర్వాత చేస్తానని ఫోను పెట్టేశారు. చివరికి క్లెయిము వెనక్కి తీసుకుని, పైకప్పు తన డబ్బుతోనే బాగు చేయించుకున్నారు. కొమ్మ పడటం కాక, ఆ బండే రోడ్డు మీద ఎవరినైనా గుద్ది ఉంటే అన్న ఆలోచన ఆయనకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వడం లేదట.

ఇక నాకు ఒళ్లు మండించిన వాక్యం దగ్గరికి వస్తాను. వీసా మీద ఉన్నవాళ్లకూ భయం లేదట! ఈ మాట రాసిన వ్యక్తికి అమెరికా పౌరసత్వం ఎప్పుడో వచ్చేసి ఉండాలి, లేదా తాను రాసేది ఎవరు చదువుతారన్న పట్టింపు లేకుండా ఉండాలి. పౌరసత్వానికి పెట్టుకునే ఎన్-400 దరఖాస్తులో, ఫెడరల్, రాష్ట్ర, స్థానిక పన్నుల్లో గడువు దాటిన బకాయిలు ఉన్నాయా అని సూటిగా అడుగుతారు. రాష్ట్ర పన్ను అని అందులో రాసే ఉంది. అబద్ధం చెబితే శిక్షార్హులమని ఒప్పుకుంటూ దాని కింద సంతకం పెట్టాలి. నడవడిక మంచిదా కాదా అన్నది విడిగా చూస్తారు. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి మోంటానా బండి గుర్తుకు వస్తుంది. లేదని రాస్తే అబద్ధం, ఉందని రాస్తే సంజాయిషీ.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. మోసం నేరంలో బాధితులకు కలిగిన నష్టం 10,000 డాలర్లు దాటి, కోర్టులో నేరం రుజువైతే, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని అత్యంత తీవ్రమైన నేరాల జాబితాలో చేరుస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారినైనా దేశం దాటించవచ్చు. ఇది కాగితం మీది బెదిరింపు కాదు. 1984 నుంచి శాశ్వత నివాసులుగా ఉన్న జపాన్ దంపతులు పన్ను రిటర్ను విషయంలో నేరం ఒప్పుకున్నారు. పన్ను నేరాలు ఆ జాబితాలోకి రావని వాళ్లు వాదించారు. 2012లో కవాషిమా వర్సెస్ హోల్డర్ కేసులో సుప్రీంకోర్టు, వస్తాయని తేల్చింది. అది ఫెడరల్ పన్ను కేసు, నిజమే. పన్ను బాకీ పడినంత మాత్రాన పంపించేస్తారని కూడా నేను అనడం లేదు, దానికి నేర నిర్ధారణ కావాలి. కానీ లెక్క చూడండి. 2 లక్షల డాలర్ల మోటర్‌హోమ్ మీద కాలిఫోర్నియా కనీస రేటు 7.25 శాతం చొప్పున పన్ను 14,500 డాలర్లు. స్థానిక పన్నులు కలిస్తే ఇంకా ఎక్కువ. ఒక్క బండితోనే ఆ 10,000 గీత దాటేశాం. పదేళ్లు, పన్నెండేళ్లు ఉద్యోగం మారాలన్నా భయపడుతూ, అమ్మానాన్నలకు జబ్బు చేసినా వీసా స్టాంపింగ్ తేదీలు చూసుకుని ప్రయాణాలు వాయిదా వేసుకుంటూ గ్రీన్‌కార్డు కోసం కాచుకున్న మనుషులకు చెప్పవలసిన సలహాయేనా ఇది?

వేలమంది చేస్తున్నారు కదా అంటారు. చేస్తున్నారు. మన దగ్గర ఈశాన్య రాష్ట్రాల నంబర్లతో ప్రైవేటు బస్సులు హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరగడమూ చూసినవాళ్లమే. పదిమంది చేసినంత మాత్రాన అది చట్టం కాదు.

ఎవరూ పట్టించుకోరులే అనుకోవడం మరీ తేలిక మాట. బయటి నంబరుతో తిరుగుతున్న కాలిఫోర్నియా నివాసుల బండ్ల గురించి ఎవరైనా ఫిర్యాదు చేయడానికి అక్కడి రహదారి పోలీసు శాఖ (హైవే పెట్రోల్) ఒక కార్యక్రమమే నడుపుతోంది. దాని పేరు చీటర్స్. ఇంటి ముందు ముప్ఫై అడుగుల బండి నిలిపితే, వీధిలో అందరికీ ముందుగా కనిపించేది దాని నంబరు ప్లేటే.

పది మందికి పంపమన్నారు. నాకు పంపిన ఐదుగురిలో ముగ్గురు ఇంకా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. మా బావగారు వాళ్లలో ఒకరు. నిన్న రాత్రి ఫోను చేసి, పన్నుతో సహా లెక్క వేయమన్నాను. వేసి, "ఇంత పెట్టలేం" అన్నారు. అయితే ఈ వేసవికి వారం రోజులు అద్దెకు తీసుకుందాం బావగారూ అన్నాను. సరేనన్నారు.