గీత దాటిన షేరు

కంపెనీ ఏం తయారు చేస్తుంది, అప్పు ఎంతుంది, లాభం వస్తోందా అంటూ బ్యాలెన్స్ షీట్లు తిరగేసే చాదస్తం ఇక మానుకోవాలి. బ్రేకౌట్ షేరును పట్టడానికి ఫోను, అందులో చార్టు, గీత గీయడానికి ఒక వేలు చాలు. షేరు 3 సార్లు ₹100 దాకా వెళ్లి వెనక్కి తిరిగిందనుకోండి. అక్కడ అడ్డంగా ఒక గీత గీయాలి. అది రెసిస్టెన్స్. ఈసారి మామూలుకంటే ఎక్కువ షేర్లు చేతులు మారి, అంటే ఎక్కువ వాల్యూమ్‌తో గీత దాటి పైన క్లోజ్ అయిందంటే బ్రేకౌట్.

ఈ శాస్త్రం తప్పడమంటూ ఉండదు. గీత దాటి పెరిగితే బ్రేకౌట్. మళ్లీ గీత దగ్గరికొచ్చి ఆగితే రీటెస్ట్, ఇంకాసిని కొనుక్కోవచ్చు. కిందికి జారితే ఫాల్స్ బ్రేకౌట్. అంటే బ్రేకౌటే, కాకపోతే అబద్ధం. మా బావమరిది ఇంకో మెట్టు ఎక్కాడు. ధర 94కి దిగగానే స్క్రీన్ మీద గీతను చూపుడువేలితో పట్టుకుని 92 దగ్గరికి లాగాడు. షేరు మళ్లీ గీత పైకొచ్చేసింది. "చూడు బావా, స్ట్రక్చర్ ఏం చెడలేదు" అన్నాడు.

స్టాప్‌లాస్ పెట్టుకోమని పెద్దలు చెబుతూనే ఉంటారు. 5 శాతం పడితే అమ్మేస్తానని కొన్నవాడు, ఆ 5 శాతం పడ్డ రోజే లాంగ్‌టర్మ్ ఇన్వెస్టర్ అయిపోతాడు. ఆ కంపెనీకి మంచి ఫండమెంటల్స్ ఉన్నాయని అతనికి తెలిసేది కూడా ఆ రోజే.

బ్రేకౌట్ల మీద కాదు గానీ, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2022-23లో షేర్లలో ఇంట్రాడే, అంటే ఏ రోజు కొన్నది ఆ రోజే అమ్మే వ్యాపారం చేసిన మామూలు జనంలో ప్రతి 10 మందిలో 7గురు నష్టపోయారట. 30 ఏళ్లలోపు వాళ్లలో అయితే 76 శాతం. కుర్రాళ్లకు గీతలో చేయి ఇంకా తిరగలేదన్నమాట. లాభపడ్డవాళ్లకంటే నష్టపోయినవాళ్లే సగటున ఎక్కువ ట్రేడ్లు చేశారని కూడా అందులో ఉంది. పట్టుదలంటే అదీ!

గీత దాటగానే మనమందరం ఎగబడి కొంటున్నాం కదా, మరి అమ్ముతున్నదెవరు? చిన్న షేర్లలో ఈ సందేహం కొందరికి నిద్ర పట్టనివ్వదు. ఎవరో మహానుభావుడు ₹40కి కొని ఇన్నాళ్లూ దాచిపెట్టి, సరిగ్గా మనకు గీత కనబడిన పూట ₹104కి వదులుకుంటున్నాడు. ఇంత త్యాగానికి మార్కెట్లో వాళ్లు పెట్టిన పేరు మాత్రం ఆపరేటర్, అంటే ధరను తెర వెనక నుంచి ఆడించేవాడు.

త్యాగం పూర్తయ్యాక లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు ధర అంతకంటే దిగకూడని హద్దు, మొదలవుతుంది. పొద్దున్నే 5 శాతం కింద తాళం పడుతుంది, అమ్మేవాళ్ల క్యూ లక్షల షేర్లకు చేరుతుంది, కొనేవాడు ఒక్కడూ ఉండడు. టిప్ ఇచ్చిన టెలిగ్రామ్ గ్రూపులో మాత్రం టెన్షన్ ఏమీ కనబడదు. 9:15కల్లా రాకెట్ బొమ్మతో కొత్త బ్రేకౌట్ షేరు పేరు, దాని కింద "ఇది చదువు కోసం మాత్రమే" అన్న గమనిక వచ్చేస్తాయి. మెసేజ్ పెట్టే వీలు అడ్మిన్ ఒక్కడికే ఉంది కనుక పాత షేరు సంగతి ఎవరూ అడగరు.