యువతకు ఉచిత బస్సు: పొగ లెక్క ఎక్కడ తప్పుతోంది?

యువతకు బస్సు ప్రయాణం ఉచితం చేసే ప్రభుత్వాలు ఆ పథకాన్ని సంక్షేమమనీ అంటాయి, పర్యావరణ పరిరక్షణ అనీ అంటాయి. మొదటి మాటకు వంక పెట్టలేం. సంపాదన లేని వయసులో చదువుకో, తొలి ఉద్యోగానికో ఛార్జీ అడ్డుపడకూడదు. రెండో మాటే అంత తేలిగ్గా నిలబడదు. బస్సెక్కినవాళ్ల సంఖ్య పెరిగినంత మాత్రాన పొగ తగ్గదు. ఉచితం లేకపోతే వాళ్లు ఎలా వెళ్లేవాళ్లన్నదే అసలు లెక్క.

లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోలు, పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. నగరంలో ఆగుతూ కదులుతూ తిరిగే పెద్ద డీజిల్ బస్సు 100 కిలోమీటర్లకు 35 నుంచి 40 లీటర్లు తాగుతుంది, అంటే కిలోమీటరుకు సుమారు ఒక కిలో. అదే 100 కిలోమీటర్లకు 7 లీటర్లు తాగే పెట్రోల్ కారు కిలోమీటరుకు 160 గ్రాములు వదులుతుంది. కాబట్టి కొత్తగా వేసిన ప్రతి డీజిల్ బస్సూ తన దారిలో కనీసం ఆరేడు కార్లను ఇంట్లోనే ఉంచగలిగితే తప్ప లెక్క సరికి సరి కాదు. ఎలాగూ తిరిగే బస్సులో ఖాళీ సీట్లు నిండితే మాత్రం అదనపు పొగ దాదాపు లేనట్టే.

చిక్కల్లా విద్యార్థుల ప్రయాణ వేళతోనే. వాళ్లు ఎక్కేది ఉదయం ఉద్యోగులు ఎక్కే గంటలోనే. ఆ గంటలో ఖాళీ సీట్లుండవు, అదనపు బస్సు వేయాలి. అది ఒక దిక్కు కిక్కిరిసి వెళ్లి రెండో దిక్కు ఖాళీగా తిరిగొస్తుంది. వాపసు ప్రయాణం కలిపితే ఆరేడు కార్లు కాస్తా పన్నెండు, పదమూడు అవుతాయి. ఆ బస్సు మిగతా పగలంతా డిపోలో నిలబడుతుంది, డ్రైవర్ డ్యూటీ ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒకే మార్గంలోని విద్యాసంస్థల ప్రారంభ వేళల మధ్య 40 నిమిషాల తేడా పెడితే అదే బస్సు రెండు ట్రిప్పులు వేస్తుంది. కొత్త బస్సు కొనడం కన్నా ఇది చాలా చౌక. కానీ ఇందుకు రవాణా శాఖ, విద్యా శాఖ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి, అదే అన్నిటికన్నా కష్టంలా కనిపిస్తుంది.

ఇక బస్సెక్కేది ఎవరన్నది చూద్దాం. జర్మనీలోని చిన్న పట్టణం టెంప్లిన్ 1997 చివర్లో బస్సులను అందరికీ ఉచితం చేసింది. కొన్నేళ్లలోనే ప్రయాణాలు పదింతలు దాటాయి. కొత్తగా ఎక్కినవాళ్లలో పిల్లలు, యువతే ఎక్కువ. అయితే వాళ్లలో చాలామంది అంతకుముందు నడిచో, సైకిల్ తొక్కో వెళ్లినవాళ్లే. 2013 జనవరి 1 నుంచి నమోదైన నివాసులందరికీ ఉచితం చేసిన ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఏడాది తర్వాత ప్రజా రవాణా వాడకం 14 శాతం పెరిగినట్టు తేలింది. అక్కడ ఛార్జీలు అప్పటికే తక్కువ, సర్వీసులు అప్పటికే మెరుగు కాబట్టి అంతకుమించి పెరిగే వీలూ లేకపోయింది. అక్కడా నడక బాగా తగ్గింది. ఒకటిన్నర కిలోమీటరు నడిచే కుర్రాడు బస్సెక్కితే పొగ లెక్కలో మిగిలేదేమీ లేదు, ఆరోగ్యం లెక్కలో నష్టమే.

లాభం కచ్చితంగా ఉన్న చోటు ఒకటుంది: తల్లిదండ్రులు పిల్లల్ని దింపిరావడం. బడి 4 కిలోమీటర్ల దూరంలో ఉంటే దింపి ఇంటికి తిరిగొచ్చే కారు ఉదయమే 8 కిలోమీటర్లు నడుస్తుంది, సాయంత్రం మళ్లీ అంతే. పైగా ఇంజిన్ వేడెక్కకముందే ప్రయాణం సగం అయిపోతుంది కాబట్టి ఇంధనం మామూలుకన్నా ఎక్కువ ఖర్చవుతుంది. ఆ పిల్లవాడు బస్సెక్కితే రోజుకు 16 కిలోమీటర్ల కారు ప్రయాణం తప్పుతుంది. అయితే తల్లో తండ్రో ఆఫీసుకు పోతూ దారిలో దింపుతుంటే సీటు ఖాళీ అవుతుందే గానీ కారు ఆగదు. చాలా సర్వేలు ఈ రెంటినీ ‘ఇంతకుముందు కారులో వెళ్లేవారు’ అని ఒకే గడిలో వేసేస్తాయి. సగం అతిశయోక్తి అక్కడే పుడుతుంది. ‘కేవలం మీకోసమే కారు తీసేవారా?’ అని విడిగా అడగాలి. అదీ పథకం మొదలవకముందు ఒకసారి, ఏడాది తర్వాత అదే నెలలో మరోసారి అడిగితేనే పోలిక నిలుస్తుంది.

డబ్బు విషయంలో ఉచిత ప్రయాణ కార్డు కీలకం. ఛార్జీ లేకపోయినా ఎక్కిన ప్రతిసారీ కార్డు తాకించాలి, లేదా జీరో టికెట్ కొట్టాలి. లేకపోతే ఏ మార్గంలో, ఏ గంటలో ఎవరు ఎక్కారో తెలియదు. ఉచిత ట్రిప్పులకు బదులుగా ప్రభుత్వం బస్సు సంస్థకు చెల్లించే రీయింబర్స్‌మెంట్ కూడా గాలిలో లెక్కే అవుతుంది. ఉదాహరణకు మునుపు యువత 100 ట్రిప్పులకు ఛార్జీ కట్టేదనుకుందాం. ఉచితమయ్యాక అవి 140 అయ్యాయి. ట్రిప్పుకు పూర్తి ఛార్జీ చెల్లిస్తే బస్సు సంస్థకు రాని ఆదాయానికి కూడా పరిహారం ఇచ్చినట్టు. ట్రిప్పుకు ఛార్జీలో దాదాపు 71 శాతం (140లో 100 వంతు), దానికి తోడు అదనపు ట్రిప్పులకు నిజంగా అయిన ఖర్చు ఇస్తే సరిపోతుంది. ఈ శాతాన్ని మరీ కోసేస్తే సంస్థ ముందుగా ఎత్తేసేది జనం పల్చగా ఉండే శివారు సర్వీసులనే. కార్లమీద ఎక్కువగా ఆధారపడేదీ ఆ శివార్లే.

వయసు పరిమితి కూడా ఆలోచించి పెట్టాల్సిందే. లండన్ 2005లో 16 ఏళ్లలోపు వారికి బస్సులు ఉచితం చేసి, మరుసటి ఏడాది చదువుకుంటున్న 16, 17 ఏళ్లవారికీ విస్తరించింది. 2022 జనవరి 31న మొదలైన స్కాట్లాండ్ పథకం 5 నుంచి 21 ఏళ్లవారికి వర్తిస్తుంది. పర్యావరణం దృష్టితో చూస్తే స్కాట్లాండ్ పద్ధతే మేలు. పదేళ్ల పిల్లాడు ఎలాగూ కారు కొనడు. లైసెన్సు తీసుకునేదీ, మొదటి బండి కొనాలా వద్దా అని తేల్చుకునేదీ 17 నుంచి 22 ఏళ్ల మధ్యే. ఒకసారి కొన్న బండిని ఇంట్లో పెట్టి బస్సెక్కేవారు అరుదు. అందుకే పరిమితి దాటిన మర్నాడే పూర్తి ఛార్జీ పడకుండా మరో మూడేళ్లు సగం ఛార్జీ ఉంచడం మంచిది. న్యూజిలాండ్ 2023 జులైలో 13 ఏళ్లలోపు వారికి ఉచితం, 25 ఏళ్లలోపు వారికి సగం ఛార్జీ మొదలుపెట్టింది. ప్రభుత్వం మారాక 2024 ఏప్రిల్ చివరికల్లా ఎత్తేసింది. పది నెలలు మాత్రమే నిలిచే రాయితీని నమ్ముకుని ఎవరూ బండి కొనడం మానుకోరు.

బెల్జియంలోని హాసెల్ట్‌ను ఉచిత బస్సు విజయానికి తరచూ చూపిస్తారు. 1997లో మొదలై 2013 వరకు సాగిన ఆ పథకంలో ప్రయాణికులు పదింతలకు పైగా పెరిగారు. అయితే ఆ నగరం అదే కాలంలో సర్వీసులు భారీగా పెంచింది, లోపలి రింగురోడ్డులో కార్ల జాగా కుదించి చెట్లకు, పాదచారులకు ఇచ్చింది. ఆ మాట చాలామంది వదిలేస్తారు. 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతా ప్రజా రవాణాను ఉచితం చేసిన లక్సెంబర్గ్‌లో మాత్రం జనాభాతో పోలిస్తే కార్ల సంఖ్య ఐరోపాలో ఇప్పటికీ ముందు వరుసలోనే ఉంది. కాలేజీ ఆవరణలో పార్కింగ్ ఉచితంగా ఉంచి బస్సునూ ఉచితం చేస్తే, కారున్న విద్యార్థికి మారాల్సిన పనేముంది?

నిధులు పరిమితమైతే వరుస మార్చుకోవాలి. గంటకొక్క బస్సున్న మార్గంలో ముందు దాన్ని 20 నిమిషాలకొకటి చేయాలి, ఉచితం తర్వాత చూసుకోవచ్చు. రాత్రి సర్వీసులదీ అదే తీరు. పార్ట్‌టైమ్ పనులు ముగిసేది రాత్రి పదింటికి, చాలా మార్గాల్లో చివరి బస్సు వెళ్లిపోయేది అంతకు గంట, రెండు గంటల ముందే. ఉదయం ఉచిత కార్డుతో వెళ్లిన కుర్రాడికి తిరిగొచ్చే దారి లేకపోతే మొదటి జీతంతోనే మోటార్‌సైకిల్ వాయిదా కడతాడు. ఆ తర్వాత ఉదయం బస్సూ ఎక్కడు. అందుచేత కార్డులు అచ్చు వేయించకముందే చివరి బస్సు వేళను రాత్రి 11 దాకా జరపాలి. దానికయ్యే డ్రైవర్ల ఖర్చునూ పథకం బడ్జెట్‌లోనే చూపాలి.