మిల్నర్ బ్రైటన్‌కి వెళ్ళడం దిగజారడం కాదు
2023లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ మిల్నర్ పెద్ద క్లబ్ లివర్‌పూల్ వదిలి చిన్న క్లబ్ బ్రైటన్‌కి వెళ్ళినప్పుడే ఆయన పని అయిపోయింది అని కొందరు రాశారు, నేనైతే అస్సలు ఒప్పుకోను. అప్పటికే 37 ఏళ్ళు, గెలవాల్సిన కప్పులన్నీ గెలిచేశాడు, హాయిగా రిటైర్ అయిపోవచ్చు, కానీ మొదటిసారి యూరప్ క్లబ్‌ల టోర్నీలో ఆడబోతున్న టీమ్‌కి వెళ్ళాడు, ఎక్కువమంది కుర్రాళ్ళు, అనుభవం ఉన్న మనిషి కావాల్సింది అలాంటి చోటే కదా. తర్వాత గాయంతో దాదాపు ఒక సీజన్ మొత్తం పోయింది, ఇంకెవరైనా అయితే బూట్లు పక్కన పెట్టేసేవాళ్ళు. ఈయన మళ్ళీ వచ్చి 2025 ఆగస్టులో తన పాత క్లబ్ మాంచెస్టర్ సిటీ మీదే పెనాల్టీ గోల్ కొట్టాడు, 39 ఏళ్ళకి! అదీ లివర్‌పూల్‌లో తనతో కలిసి ఆడి, తర్వాత చనిపోయిన జోటా గుర్తుగా తీసుకున్న 20 నంబర్ జెర్సీలో. అది చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.