ఓరుగల్లు మట్టికోట గారికి, ఒక కంచె బాధితుడు రాయునది

మట్టికోట గారూ, నమస్కారం.

మామునూరు అవతల నాకు ఇరవై గుంటల మామిడి తోట ఉంది. మొన్నామధ్య ఎవరో వచ్చి బోరు మోటారు స్టార్టర్ డబ్బా మూత పెకిలించి, చేతగాక వదిలేసి పోయారు. నెల తిరగకుండా మళ్లీ వచ్చి డబ్బాను, కేబుల్‌ను కలిపి పట్టుకెళ్లారు. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కూడా మీ దగ్గర ఇదే చేశాడు కదా. ఒకసారి వచ్చి, కాక వెనుదిరిగి, 1323లో మళ్లీ వచ్చి పని కానిచ్చుకున్నాడు. ఇంత అనుభవం ఇంకెవరికీ లేదని మీకే రాస్తున్నా.

ముందు కడీల మేస్త్రీ వచ్చాడు. పది అడుగులకో రాతి కడీ, ఐదు వరుసల ముళ్ల తీగ అన్నాడు. కోతులు కూర్చోవడానికి కడీ పైభాగం ఎంత అనువుగా ఉంటుందో మాత్రం చెప్పలేదు.

తర్వాత సోలార్ ఫెన్సింగ్ పిల్లవాడు. సెకనుకోసారి టక్, టక్ మనే పెట్టె తెచ్చాడు. ఎనిమిది వేల వోల్టులట. "ముట్టుకోండి సార్, ఏం కాదు" అన్నాడు. కరెంటు ఒక్కోసారి సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి దెబ్బ తగులుతుంది గానీ ప్రాణం పోదట. ముట్టుకున్నా. మోచేతి మీద ఎవరో కర్రతో కొట్టినట్టయింది. బాగా నచ్చింది! అప్పుడు నసుగుతూ మిగతాది చెప్పాడు. తీగకు గడ్డి తగిలితే కరెంటు నేలలోకి దిగిపోతుంది, వానాకాలమంతా గడ్డి కోస్తూ ఉండాలి. ఎండాకాలం నేల ఎండితే ఎర్తింగ్ పనిచేయదు, రాడ్ దగ్గర నీళ్లు పోయాలి. అంటే మోటారును కాపాడే కంచెకు ఆ మోటారుతోనే నీళ్లు పెట్టాలన్నమాట.

పక్క చేను పెద్దాయన ఇదంతా విని నవ్వాడు. "ఇన్ని పైసలెందుకు తమ్మీ, స్తంభం నుంచి ఓ తీగె గుంజు. పందులు కూడా రావు." ఆగకుండా పారే 230 వోల్టులకు పంది, బర్రె, రాత్రి మోటారు వేయడానికొచ్చే ఆయనా ఒక్కటే. పోయేది ఆయన, జైలుకు పోయేది నేను. దండం పెట్టి వచ్చేశా.

ఇక కెమెరా. రాత్రి దాని లైట్లకు పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు. సాలెగూడు ఊగినప్పుడల్లా ఫోన్ మోగుతుంది. నిజంగా దొంగే వచ్చినా రాత్రి రెండింటికి హన్మకొండలో మంచం మీద కూర్చుని నేను చేసేదేముంది, లైవ్‌లో చూడటం తప్ప?

మీకు ఆ బెంగ లేదు. ముందు కందకం. వెనుక గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోట, దానికి మళ్లీ కందకం. ద్వారాలైతే తిన్నగా ఉండవు, మెలి తిరుగుతాయి. శత్రువు ఏనుగు పరుగున వచ్చి తలుపును గుద్దకూడదని కట్టిన ఆ మలుపులో ఇప్పటికీ ఆటోవాళ్లు హారన్ కొట్టి, స్లో చేసి తిప్పుతారు. ఆలోపు చూసుకోవడానికి బురుజు మీద మనుషులుండేవారు. నాకు తీగలు అమ్మేవాళ్లు నలుగురు దొరికారు గానీ, రాత్రి తోటలో పడుకునే మనిషి ఒక్కడు దొరకలేదు.

ఇంకో మాట, ఏమనుకోకండి. ఇంతమందిని ఆపిన మీ కట్ట మీదే ఇప్పుడు ఇళ్లు లేచాయి. మీకు కాపలాగా పురావస్తు శాఖ వారి ఓ నీలం బోర్డు నిలబడి ఉంది. కడీల మేస్త్రీతో మాట్లాడా. మనిద్దరిదీ కలిపి ఇస్తే కడీకి ఇరవై రూపాయలు తగ్గిస్తానన్నాడు. మీ చుట్టుకొలత ఎంతో చెప్తే అడ్వాన్స్ ఇచ్చేద్దాం.

ఇట్లు,
స్టార్టర్ పోయినవాడు