పది రూపాయల చట్టం, పాతిక డాలర్ల చట్టం

(డాలస్ పక్కన ఒక ఊరు. శనివారం రాత్రి, భోజనాలయ్యాయి. మా మామయ్య కర్నూలు జిల్లాలో డిప్యూటీ తహసిల్దారుగా రిటైరయ్యాడు. ఆరు నెలల విజిటర్ వీసా మీద మా ఇంటికొచ్చి రెండు నెలలైంది. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఈయన చేతిలో పెట్టిపోయిన మెటల్ డిటెక్టర్ వంటింటి గోడకి ఆనించి ఉంది. ఆ యంత్రంతో మామయ్య పార్కులో తవ్వొచ్చా లేదా అన్నది తగువు. వాది మా ఆవిడ, ప్రతివాది మామయ్య. తీర్పు నన్ను చెప్పమన్నారు. నేను గిన్నెలు తోముతున్నాను.)

మా ఆవిడ: ఇది చూడు నాన్నా. మన వీధి వాట్సాప్ గ్రూపులో నీ ఫొటో పెట్టారు. పార్కులో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నావు. కింద ఏం రాశారో తెలుసా? "ఎవరీయన? ఏం పూడుస్తున్నాడు?"

మామయ్య: పూడ్చేదేముందమ్మా, తవ్వినా. తవ్వింది మళ్లా పూడ్చినా. సగమే చూసినారు వాళ్లు.

మా ఆవిడ: ఆ సగం చూసి పోలీసులకి ఫోన్ చేస్తే? చేతిలో పీపీమనే కర్ర, నడుముకి పార, చెవులకి హెడ్‌ఫోన్లు. వెనకనుంచి "సార్, చేతులు పైకెత్తండి" అన్నా నీకు వినపడదు.

మామయ్య: వస్తే రానీ. దొరికింది చూపిస్తా.

(జేబులోంచి తీసి బల్ల మీద పరిచాడు. ఒక్కో సెంటువి ఐదు పెన్నీలు, పాతిక సెంట్ల క్వార్టర్ ఒకటి, సీసా మూతలు, కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు గుప్పెడు, చక్రం ఊడిన బొమ్మకారు.)

మా ఆవిడ: ముప్పై సెంట్లు. మూడు గంటలకి.

మామయ్య: ఆ మూడు గంటలూ నాకు మోకాలు నొప్పి గుర్తు రాలేదు, అది లెక్కలో యెయ్యవా? ఈ రెండు పెన్నీలు చూడు. ఇదేమో నల్లబడింది గానీ గట్టిగా ఉండాది. ఇది అంచులు తిన్నట్టుంది. ఎందుకు? 1982 దాకా పెన్నీ అంటే నూటికి 95 పాళ్లు రాగి. ఆ ఏడే మార్చినారు, లోపల జింకు, పైన రాగి పూత. మట్టిలో పూత లేచిపోతే జింకుని భూమి చెదలు తిన్నట్టు తింటాది. ఏడాది చూడకముందే చేతికి తెలిసిపోతాది ఏది ఏ కాలందో. ముప్పై ఐదేండ్లు అడంగల్ రాసినోన్ని, నేల మీది లెక్కలే చూసినా. నేల లోపలి లెక్క ఇప్పుడు చూస్తాండా.

మా ఆవిడ: నేల లోపలి లెక్క చూసినవాళ్ల మీద నువ్వే కదా పంచనామాలు రాశావు! గుడి వెనక అర్ధరాత్రి తవ్వుతుంటే పట్టుకున్నారని నిన్ను జీపులో తీసుకెళ్లేవాళ్లు. నిమ్మకాయలూ కుంకుమా చూసి అమ్మ నిన్ను స్నానం చేస్తేగాని గడప దాటనిచ్చేది కాదు.

మామయ్య: వాళ్లు గుడి పగలగొట్టినారు. నేను గడ్డి పెళ్ల లేపినా. రెండూ ఒకటేనా?

మా ఆవిడ: తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరడానికి ఊళ్లకి ఊళ్లు వచ్చేవి. వాళ్లు ఏ గుడీ పగలగొట్టలేదు. చిన్నప్పుడు నేనూ పోతానంటే ఏమన్నావు?

మామయ్య: రైతు చేను తొక్కుతారని అన్నా. విత్తనమేసే అదునులో మంది వచ్చి పడితే వానికేం మిగుల్తాది?

మా ఆవిడ: ఇది రైతు చేను కాదు, ఊరందరి పచ్చిక. పన్నులు కట్టి నీళ్లు పెట్టి పెంచింది. ఇక్కడ తొక్కొచ్చా?

(మామయ్య మంచినీళ్లు తాగాడు. ఈ పాయింటు ఆవిడకే ఇచ్చాను, మనసులో.)

మామయ్య: సరే, పచ్చిక సంగతే చెప్తా. నేను గుంత తియ్యలేదు. ముందు పిన్‌పాయింటర్‌తో, అదే ఈ చేతికర్రతో, వస్తువు యాడుందో బెత్తెడులోకి తెచ్చుకున్నా. మూడు పక్కల కోసినా, నాలుగో పక్క కొయ్యలేదు. పుస్తకం అట్ట తెరిచినట్టు పెళ్ల వెనక్కి వాల్తాది, వేరు తెగదు. మన్ను గడ్డి మీద పొయ్యలేదు, పాత తుండుగుడ్డ మీద పోసినా. అయినాక గుడ్డెత్తి మన్ను లోపలికే వంపి, పెళ్ల మూసి, కాలితో అదిమి, సీసాలో నీళ్లు పోసినా. రేపు పోయి చూడు, యాడ తవ్వినానో చెప్పు.

మా ఆవిడ: రేపు కాదు, పది రోజులయ్యాక చూస్తా. ఇది టెక్సాస్ జులై. మూడు పక్కలా వేరు కోసిన పెళ్ల ఈ ఎండకి పచ్చగా ఉంటుందా? గుండ్రంగా మాడిన మచ్చలు కనపడితే పార్కు వాళ్లు నీ ఒక్కడితో ఊరుకోరు, అందరికీ బోర్డు పెట్టేస్తారు. పైగా గడ్డి కింద స్ప్రింక్లర్ల గొట్టాలూ వైర్లూ ఉంటాయి.

మామయ్య: ...ఎండ సంగతి నిజమే. ఎండాకాలం పోయేదాకా లోతు పోను. పైపైన ఉన్నవి మొద్దుమొన స్క్రూడ్రైవర్‌తో మీటి తీస్తా.

మా ఆవిడ: అసలు అనుమతి ఉందా అనేది నా ప్రశ్న. నేషనల్ పార్కుల్లో ఆ యంత్రం చేతిలో పట్టుకుని తిరిగినా నేరమే, తవ్వక్కర్లేదు. కారులో సర్ది పెట్టుకోవాలి. ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువుని అనుమతి లేకుండా తవ్వకూడదని 1979లోనే చట్టం చేశారు. ఇక ఊరి పార్కులంటావా, ఏ ఊరి రూలు ఆ ఊరిది. ఒక ఊళ్లో ఊరికే తిరగనిస్తారు, పక్క ఊళ్లో పర్మిట్ అడుగుతారు, ఇంకో ఊళ్లో తవ్వడమే కుదరదంటారు.

మామయ్య: చట్టం నాకు చెప్తావా? మనకి 1878 నుంచీ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఉంది. భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి రాసివ్వాల. పది రూపాయలు! తెల్లోడు రాసిన అంకె ఇంకా అట్లనే ఉండాది. ఇప్పుడు పది రూపాయలకి ఏమొస్తాది?

మా ఆవిడ: ఇక్కడ పాతిక డాలర్లు.

మామయ్య: ఏందీ?

మా ఆవిడ: ఇక్కడి లావన్, లూయిస్‌విల్ చెరువులు అమెరికా సైన్యం ఇంజనీర్ల విభాగం చేతిలో ఉన్నాయి. గుర్తించిన బీచిల్లో, ఇదివరకే తవ్వి కదిలించిన నేలలో డిటెక్టర్ తిప్పుకోవచ్చు, అక్కడి అధికారి కాదనకపోతే. ఎవరివో పోల్చలేని నాణేల్లాంటివి పాతిక డాలర్ల లోపువైతే నీవే. మించితే పోయిన సొత్తు కింద అప్పగించాలి.

(మామయ్య ముఖం వెలిగింది. ఇంత చదివి పెట్టుకుని ఇంతసేపూ పోట్లాడుతోందా అని నాకూ అనిపించింది.)

మామయ్య: పాతిక డాలర్లు నాకు ఎక్కువే.

మా ఆవిడ: ఆశ లేదన్నమాట. మరి ఐదు సెంట్ల నికెల్ నాణెం, డబ్బా రింగు, బంగారు ఉంగరం, మూడూ ఈ యంత్రం తెర మీద ఇంచుమించు ఒకే అంకె చూపిస్తాయని నిన్న మా ఆయనకి పాఠం చెప్పావెందుకు?

(నన్నెందుకు లాగుతారు.)

మామయ్య: అది ఆశ గాదు, అదే ఆట. రింగులొద్దని ఆ అంకెకి యంత్రం మోగకుండా నోరు మూయిస్తే ఉంగరం కూడా పోతాది. అందుకే కొత్తగా దిగినోడు యాభై రింగులు తియ్యాల్సిందే. ఈ యంత్రానికి మొదట్నుంచీ ఇదే తిప్పలు. 1881లో గార్‌ఫీల్డ్ అనే ప్రెసిడెంటుని కాల్చితే, తూటా యాడుందో కనుక్కోడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ ఇట్లాంటిదే పట్టుకొచ్చినాడు. కనుక్కోలేకపోయినాడు. పరుపు కింద ఇనప స్ప్రింగులుండె అంటారు.

మా ఆవిడ: ఆయన చనిపోయాడు కదా.

మామయ్య: యంత్రం వల్ల గాదు! ఇంగ్లండులో చూడు, 2009లో టెర్రీ హెర్బర్ట్ అనేటాయనకి ఇట్లా తిరగ్గా తిరగ్గా వేల బంగారు వెండి ముక్కలు దొరికినాయి. ముప్పై రెండు లక్షల పౌండ్లకి పైన విలువ కట్టినారు.

మా ఆవిడ: రైతుని అడిగి ఆయన పొలంలో తిరిగాడు. దొరికింది చెప్పాడు. ఆ డబ్బులో రైతుకీ వాటా ఇచ్చారు. నేనంటున్నదీ అదే, అడుగు అని. ఇంకొకటి. ఈ పార్కుకి ఎన్నేళ్లు? ఎనిమిది. ఇందులో రింగులు కాక ఏముంటాయి? మంచివి కావాలంటే పాత ఊళ్లోకి, కోర్టు మైదానంలోకి పోవాలి. అక్కడేమో చరిత్ర, చెయ్యి పెట్టకూడదు. కొత్తదైతే చెత్త, పాతదైతే కేసు. మధ్యలో ఏముంది నీకు?

మామయ్య: మధ్యలో 1964 ఉంది.

మా ఆవిడ: ఏమిటి?

మామయ్య: ఆ ఏడు దాకా డైము, అదే పది సెంట్ల నాణెం, క్వార్టరు నూటికి 90 పాళ్లు వెండి. మరుసటేడు నుంచి వెండి తీసేసినారు. అరవై ఏండ్ల కింద పిల్లోడి జేబులోంచి ఉయ్యాల కాడ జారిన డైము. వందేండ్లు కాలేదు, రాజుల సొమ్ము గాదు, గుడి గాదు. వెండి అంతగా నల్లబడదంట మట్టిలో, పెళ్ల తిరగేస్తే తెల్లగా కనపడతాదంట. అట్లాంటిది ఒక్కటి తీసి ఊరికి పోతా. అంతే నా కోరిక.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కుళాయి కట్టేశాను.)

మా ఆవిడ: సోమవారం చెరువు ఆఫీసుకీ, మన ఊరి పార్కుల ఆఫీసుకీ ఫోన్ చేస్తాను. పాత పార్కు ఏదైనా ఒప్పుకుంటే రాసి ఇమ్మంటాను. ఆ కాగితం జేబులో లేకుండా గడప దాటొద్దు. ఇద్దరం వెళ్దాం, ఆరింటికి.

మామయ్య: అంతదాకా?

మా ఆవిడ: మన పెరడు ఉంది.

మామయ్య: ఆరేండ్ల కింద కట్టిన ఇల్లు. మేస్త్రీలు పారేసిన మేకులు తప్ప ఏముంటాయి?

మా ఆవిడ: ఆ మేకులే ఏరు. పిల్లాడు చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు.

(ఫోన్ తీసి ఆ ఫొటో కింద టైపు చేసింది. చదివి వినిపించింది: "ఆయన మా నాన్న. పూడుస్తున్నది తను తవ్విన గుంటనే.")

మామయ్య: తాళాలూ ఉంగరాలూ పోగొట్టుకున్నోళ్లు ఉంటే చెప్పమని కూడా రాయి.

మా ఆవిడ: ముందు కాగితం రానీ.