బండి రేటు పడిపోతుంది, బోల్టు రేటు పడిపోదు

నిన్న రాత్రి మా బామ్మర్ది ఫోన్ చేసినాడు. బావా, ఒక బెంజ్ చూసినా, ఇ-క్లాస్ 250, 2015 మోడల్ డీజిల్, ఢిల్లీ బండి, తొమ్మిదిన్నర లక్షలకి ఇస్తామంటున్నారు, పొద్దున్నే యాభై వేలు అడ్వాన్స్ వేసేస్తా అని. రేయ్ ఆగు అని చెప్పి పదకొండున్నర దాకా వాడితో మాట్లాడినా. ఆ మాట్లాడిందంతా ఇక్కడ కూడా రాస్తున్నా, ఎందుకంటే మన తిరుపతిలో సాయంత్రం పూట ఎయిర్ బైపాస్ రోడ్డులో నిలబడితే టీఎన్ నంబర్లు, కేఏ నంబర్లు, ఇప్పుడు డీఎల్ నంబర్లు కూడా, బెంజీలు బీఎండబ్ల్యూలు ఆడీలు వరసగా పోతా ఉంటాయి, చాలా మటుకు సెకండ్ హ్యాండే. అట్ల కొన్నవాళ్లలో నాకు తెలిసిన నలుగురు ఏడాది తిరక్కుండానే నష్టానికి అమ్మేసుకున్నారు, అమ్మేసి జర్మన్ బండ్లు వేస్టు అని ఊరంతా చెప్తున్నారు. ఆ మాట వింటే నాకు కడుపు మండుతుంది.

నాది 2014 బీఎండబ్ల్యూ 320డి. 2021లో చెన్నైలో 11 లక్షల 40 వేలకి కొన్నా. కొత్తగా ఉన్నప్పుడు మొదటి ఓనరు దీనికి 40 లక్షల దాకా పెట్టినాడు. ఇక్కడే మనవాళ్ల లెక్క తప్పుతా ఉంది. 40 లక్షల బండి 11కి వచ్చింది కదా, ఇంక క్రెటాకి అయ్యే ఖర్చుతోనే దీన్నీ తిప్పేయొచ్చు అనుకుంటారు. అట్ల కాదు సామీ. బండి రేటు పడిపోయింది గానీ దాని బోల్టు రేటు పడిపోలేదు. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ పోతే అది 40 లక్షల బండి లోయర్ ఆర్మే, నువ్వు సగానికి కొన్నావా పావుకి కొన్నావా అని ఎవురూ అడగరు. అందుకే బామ్మర్దికి చెప్పింది ఒకటే మాట. చేతిలో 12 ఉంటే 12 పెట్టి కొనొద్దు, 9కి దొరికేది చూసుకుని 3 పక్కన పెట్టుకో. ఆ మూడూ మొదటి రెండేళ్లలో బండే అడుగుతుంది. పక్కన పెట్టేదానికి లేదంటే ఆ బండి నీకు కాదు, ఇంకో ఏడాది ఆగు.

నాకు ఇది ఎట్ల తెలిసిందో చెప్తా. కొన్న ఏడో నెల అనుకుంటా, పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు సన్నగా గరగరమని శబ్దం, తర్వాత అంతా మామూలే. డీజిల్ బండి కదా అని నేను పట్టించుకోలేదు. మా అమ్మ ఇరవై ఏళ్లు ఇంట్లో మిషన్ కుట్టింది, ఒకరోజు వాకిట్లో ముగ్గేస్తా ఉన్నది తలెత్తి, "ఏం నాయనా, బాబిన్ కేసు లూజయిన మాదిరి శబ్దం వస్తా ఉందే నీ కారులో" అనింది. ఆ రోజే కరకంబాడి రోడ్డులో షెడ్డు పెట్టుకున్న భాయ్ దగ్గరికి తీసుకుపోయినా. ఆయన చెన్నైలో కంపెనీ వర్క్‌షాప్‌లో తొమ్మిదేళ్లు చేసి వచ్చిన మనిషి. "రాత్రికి బండి ఈడే పెట్టిపో అన్నా, తెల్లారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నేనే స్టార్ట్ చేసి వింటా" అన్నాడు. పొద్దున నేను పోయేసరికి బానెట్ దగ్గర లేడు, బండి కింద పడుకుని గేర్‌బాక్స్ దగ్గర చెవి పెట్టి ఉన్నాడు.

ఆ శబ్దం టైమింగ్ చైన్‌ది, అంటే ఇంజిన్‌లో వాల్వులూ పిస్టన్లూ తాళం తప్పకుండా కలిసి ఆడేటట్టు చూసే గొలుసు. ఈ ఇంజిన్‌ని ఎన్47 అంటారు. చాలా బండ్లలో ఈ చైన్ ఇంజిన్ ముందువైపు ఉంటుంది, దీంట్లో వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన పెట్టినారు. దాన్ని ముట్టుకోవాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే, చాలా మటుకు ఇంజిన్ కూడా, అంటే పార్టుల కంటే కూలే ఎక్కువ. ఆయిల్ ఛాంబర్ విప్పితే అడుగున గోరంత ప్లాస్టిక్ ముక్క దొరికింది, చైన్‌కి ఆనించి ఉండే గైడ్‌లోంచి ఊడిన ముక్క. ఏళ్ల తరబడి ఆయిల్‌లో ఉడికి ముదురు డికాషన్ రంగుకి వచ్చేసింది, ఒక అంచు ఎలక కొరికినట్టుంది. భాయ్ తుడిచి నా అరచేతిలో పెట్టినాడు, రెండు వేళ్లతో నొక్కితే ఎండు వడియం మాదిరి పుటుక్కున విరిగింది. చైన్ తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిన్ మొత్తం పోతుంది, తెగక ముందే వచ్చినావు అన్నాడు. లక్షా 72 వేలు అయింది. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి కట్టినా. ఆ సంగతి రాయాలంటే ఇప్పటికీ బాధే.

ఇప్పుడు చెప్పండి, తప్పు బండిదా? చైన్‌ని వెనక పెట్టింది కంపెనీనే, ఆ గైడ్లు అరుగుతాయనేది ఈ ఇంజిన్ గురించి అందరికీ తెలిసిన సంగతే, కాదనను. కానీ నాకు అమ్మినవాళ్లకి ఆ శబ్దం తెలుసు. నేను చూడ్డానికి పోయినప్పుడు బానెట్ కాలిపోతా ఉంది, ఇప్పుడే వాటర్ సర్వీస్‌కి పోయి వచ్చింది సార్ అన్నారు. చల్లటి ఇంజిన్‌లో మాత్రమే వినిపించే శబ్దం కదా, వేడి చేసి పెట్టేసినారు. మీటర్‌లో 68 వేలు చూపించినారు, భాయ్ బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే లోపల ఇంకో కంప్యూటర్ పెట్టెలో లక్షా 41 వేలు ఉంది. మీటర్‌ని వెనక్కి తిప్పేవాళ్లు మీటర్ ఒక్కటే తిప్పుతారు, ఈ బండ్లు కిలోమీటర్లని రెండు మూడు చోట్ల రాసుకుంటాయి, బీఎండబ్ల్యూ అయితే తాళంలో కూడా రాసుకుంటుంది. స్కానర్ పెట్టించే ఆ పదిహేను నిమిషాల పని నేను కొనక ముందు చేయించి ఉంటే నా లక్షా 72 వేలు మిగిలేది. ఇట్ల అమ్మేవాళ్లని వ్యాపారం తెలిసినోళ్లు అని మెచ్చుకునేవాళ్లని చూస్తే ఇంకా కోపం వస్తుంది, అది వ్యాపారం కాదు, దొంగతనం.

ఢిల్లీ బండ్ల సంగతి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 2025లో సుప్రీంకోర్టే కొంచెం సడలించింది గానీ, ఆ భయంతోనే పదేళ్లు దగ్గరపడే బండిని అక్కడ వదిలించుకోవాలని చూస్తూ వచ్చినారు, అందుకే ఆ రేటు. అమ్మేస్తాం అని తెలిసిన బండికి ఆఖరి రెండేళ్లు ఎవురైనా మంచి ఆయిల్ పోయిస్తారా? పైగా ఇక్కడికి తెస్తే అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌ఓసీ), మన ఆర్టీవోలో లైఫ్ ట్యాక్స్, అది నువ్వు కట్టిన తొమ్మిదిన్నర మీద కాదు, కొత్తప్పటి రేటు మీద వయసును బట్టి వేస్తారు. బామ్మర్దికి ఈ మాటే తెలీదు. ఇంకోటి, వాడు చూసిన ఇ-క్లాస్ 250లో ఉండే ఓఎం651 ఇంజిన్‌లో కూడా చైన్ వెనకవైపే.

నా బండి గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కంపెనీ వాళ్లు అంటారు. ఆ గేర్‌బాక్స్ తయారు చేసిన జడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల లోపు, లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. నేను తయారు చేసినవాడి మాట విన్నా. దాంట్లో ఫిల్టర్ విడిగా రాదు, ప్లాస్టిక్ ఛాంబర్‌తో కలిసే ఉంటుంది, మొత్తం మార్చాలి, 48 వేలు. మార్చిన తర్వాత రెండో గేరులో కొట్టే చిన్న కుదుపు పోయింది. ఇంజిన్ ఆయిల్ కూడా డబ్బా మీద ఎల్ఎల్-04 అని, అంటే బీఎండబ్ల్యూ ఒప్పుకున్న రకం అనే గుర్తు, ఉంటేనే పోయిస్తా, స్క్రీన్ మీద గడువు చూపించేదాకా ఆగను, 10 వేలకే మార్చేస్తా. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, కొత్తది పెట్టి ఊరుకుంటే చాలదు, కొత్తది పెట్టినామని స్కానర్‌తో బండికి చెప్పాలి, లేకపోతే పాతదానికి పెట్టినట్టే ఛార్జింగ్ పెడుతుంది. పదేళ్లు దాటిన బండిలో రబ్బరూ ప్లాస్టిక్కూ కిలోమీటర్లని బట్టి కాదు, వయసుని బట్టి పోతాయి, మన మే నెల ఎండలో ఇంకా తొందరగా.

స్టెప్నీ లేదని తిట్టేవాళ్లు చాలామంది. పోయిన ఏడాది బెంగళూరు నుంచి వస్తా ఉంటే పలమనేరు దాటినాక మొగిలి ఘాట్ దగ్గర రాత్రి పది గంటలకి వెనక టైర్ పంక్చర్. బండిలో ఆడవాళ్లు, పిల్లోడు. రన్‌ఫ్లాట్ టైర్ కాబట్టి గాలి పోయినా దిగలేదు, 80 స్పీడ్ దాటకుండా 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు, 60లో మెల్లగా చిత్తూరు చేరినాం. మర్నాడు ఆ టైర్ పారేసినా, ఒక్కోటి 16 వేలు. ఆ రాత్రికి ఆ 16 వేలు నాకు ఎక్కువ అనిపించలేదు.

ఖర్చు తగ్గించే దారీ ఉంది. లోయర్ ఆర్మ్‌లు లెమ్‌ఫోర్డర్ వాళ్లవి, ఫిల్టర్లు మాన్, మాలే వాళ్లవి తెప్పించుకుంటా, జర్మన్ కంపెనీలకి ఇట్లాంటి సామాన్లు చేసిచ్చేది వీళ్లే, డబ్బా మీద బీఎండబ్ల్యూ ముద్ర లేకపోతే రేటు బాగా తగ్గుతుంది. ఛాసిస్ నంబర్‌లో ఆఖరి ఏడు అక్షరాలూ అంకెలూ ఇస్తే సరిగ్గా మన బండిది ఏదో వస్తుంది. డూప్లికేట్ జోలికి మాత్రం పోను.

నాలుగేళ్లలో అన్నీ కలిపి 4 లక్షల 40 వేలు దాటింది. ఎందుకు రా ఇంత అని మా చిన్నాయన అడిగినాడు. మా నాయన ఆర్టీసీలో 22 ఏళ్లు తిరుమల ఘాట్‌లో బస్సు నడిపినాడు, బండ్ల గురించి ఊరికే పొగిడే మనిషి కాదు. చైన్ మార్చిన తర్వాత ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొండకి పోయినా. దిగేటప్పుడు పాత ఘాట్‌లో, అది 1944లో వేసిన రోడ్డు, గేరు చేత్తో మూడులో పెట్టి బ్రేక్ మీద ఎక్కువ కాలు వేయకుండా దించతా ఉన్నా. నలుగురం ఉన్నాం, వెనక చక్రాలకి పవర్ ఇచ్చే బండి, ఒక్క మలుపులో ఒరగలేదు. మా నాయన ఎప్పుడూ పైన హ్యాండిల్ పట్టుకునే కూర్చుంటాడు, అలిపిరి వచ్చేదాకా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. "రోడ్డుని పట్టుకుంటాది రా ఇది" అన్నాడు. ఆ మాట కోసం ఇంకో లక్ష పెట్టమన్నా పెడతా.

అందుకే బామ్మర్దిని కొనొద్దు అనలేదు. ఆ ఢిల్లీ బండి వద్దన్నా, అంతే. చెన్నైలో ఒకే ఓనర్ చేతిలో ఉన్న సీ క్లాస్ ఇంకోటి చూసినాడు, సర్వీస్ కాగితాలు మొత్తం ఉన్నాయంట. ఆదివారం తెల్లారుజామున నాలుగున్నరకి బయల్దేరుతున్నాం, భాయ్ కూడా స్కానర్ తీసుకుని వస్తున్నాడు. ఓనర్‌కి నేనే ఫోన్ చేసి చెప్పినా, సార్, మేము వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దండీ, చల్లగా ఉన్నప్పుడే వినాలి అని. సరే బాబూ, బండి శనివారం నుంచీ తీయను, తాళం మీ చేతికే ఇస్తా అన్నాడు.